మీకు తెలుసా? మన మాటలు కట్టుకున్న బట్టలు

తంబళ్లపల్లెలో బయల్దేరి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా పోతే బట్ట పుట్టుక దారి పొడుగునా కనబడుతుంది. మల్బరీ తోటలు, పట్టుపురుగులు గూడు అల్లుకునే వెదురు చంద్రికలు, పట్టుగూళ్ల మార్కెట్లు, మదనపల్లెను ఆనుకున్న నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలు. మధ్యమధ్య గొర్రెల మందలు, వాటి వెనక భుజాన కంబళితో కాపరి. ఇంత బట్ట నడుమ బతికేవాళ్ల మాటల్లోకి బట్ట దూరకుండా ఉంటుందా? పొద్దున లేచి ఏదో ఒక పనికి నడుం కడతాం. మధ్యాహ్నానికి ఒకరిని ఉతికి ఆరేస్తాం. సాయంత్రానికి ఎవరో ఒకరు మనకు టోపీ పెడతారు. ఇట్లా ఆలోచించకుండా వాడేసే మాటల్లో కొన్నింటి పుట్టుపూర్వోత్తరాలు ఇవి.

చీర కడతాం, చొక్కా వేసుకుంటాం

చీర కడతాం, పంచె కడతాం. చొక్కా మాత్రం వేసుకుంటాం, లేదా తొడుక్కుంటాం. మన పాత బట్టకు సూదితో, కత్తెరతో పని లేదు. మగ్గం మీంచి దిగిన గుడ్డను దిగినట్టే ఒంటికి చుట్టి, దోపి, ముడేయడమే. అందుకే బట్టల మీద పుట్టిన పాత జాతీయాలు చాలావరకు ‘కట్టు’ అనే క్రియతోనే నడుస్తాయి: నడుం కట్టడం, ఒడిగట్టడం, మడి కట్టుకోవడం, బతికి బట్టకట్టడం. టోపీ, జేబు, కాలర్ లాంటి కుట్టుబట్టల మాటలు తర్వాత వచ్చినవి. వాటి క్రియలు కూడా వేరు: పెట్టడం, కొట్టడం, ఎగరేయడం. ఒక జాతీయం పాతదా కొత్తదా అని తేల్చుకోవాలంటే నేను ముందు చూసేది ఈ క్రియనే. అన్నిసార్లూ కుదరదు గానీ చాలాసార్లు కుదురుతుంది.

బతకడం సరే, మధ్యలో బట్ట ఎందుకు?

ప్రమాదం నుంచో జబ్బు నుంచో బయటపడ్డవాణ్ని ‘బతికి బట్టకట్టాడు’ అంటాం. పల్లెల్లో పుట్టిన బిడ్డకు వెంటనే కొత్త గుడ్డ వేయరు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టి విడిచిన మెత్తటి పాత చీర ముక్కల్లో, పంచె ముక్కల్లో చుడతారు. ఆ తర్వాత మొలతాడు ఒక్కటే ఆచ్ఛాదన. మొలకు గుడ్డ పడేది కాస్త ఊహ తెలిసే వయసులో. మశూచి, కలరా ఊళ్లను ఊడ్చేసిన రోజుల్లో ఆ వయసు దాకా బిడ్డ నిలవడమే పెద్ద గండం గడిచినట్టు. బట్ట కట్టే ఈడుకు వచ్చిందంటే ఇక బతికిందని లెక్క. మశూచి లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మాట మాత్రం పోలేదు. ఇప్పుడు దాన్ని కొత్త సినిమాలకూ, కొత్త హోటళ్లకూ వాడుకుంటున్నాం.

కొంగు ఒకప్పటి బ్యాంకు

చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ గురించి పత్రికలు ఏం రాసినా ‘కోరిన కోర్కెలు తీర్చే కొంగు బంగారం’ అన్న మాట పడాల్సిందే. శివరాత్రి వచ్చిందంటే తంబళ్లపల్లె మల్లయ్యకొండకూ అదే మాట. ఎన్నిసార్లు రాసి అరగదీశారో గానీ, దాని వెనక ఉన్నది పక్కా ఇంటి లెక్క.

చీరకు జేబు లేదు. మగవాడికైతే రొండిన దోపుకోవడానికి పంచె మడత ఉంది, దాంట్లోనే చిల్లర, పొగాకు, వక్కలు. ఆడమనిషికి ఉన్నది కొంగు మూల. సంతలో మిగిలిన చిల్లర, పాలు పోసిన డబ్బు, బీరువా తాళంచెవి అన్నీ అక్కడే ముడి. ఆ ముడిని ఇంకొకరు విప్పరు, మొగుడైనా అడిగి పుచ్చుకోవలసిందే. ఇంటి పెట్టెలో ఉన్న బంగారం పదిమందిది, అక్కరకు వచ్చేసరికి తాళం ఎవరి దగ్గరో ఉంటుంది. కొంగున ఉన్నది మాత్రం చేయి పోనిస్తే తగులుతుంది. అడిగిన క్షణాన అందుతుంది కాబట్టే ఆ దేవత కొంగు బంగారం అయింది. ఎక్కడో వైకుంఠంలో ఉండి తీరిగ్గా వరాలిచ్చే దేవుణ్ని ఆ మాట అనబుద్ధి కాదు. కొండ మీది గంగమ్మకూ, మల్లయ్యకూ అది అతికినట్టు సరిపోతుంది.

అదే కొంగు మనిషిని బట్టి మాట మారుస్తుంది. అమ్మ చాటు నుంచి బయటికి రాని మగవాడు ‘కొంగు పట్టుకుని తిరుగుతాడు’. మొగుడు చెప్పినట్టు వింటే పెళ్లాం ‘కొంగున కట్టేసుకుంది’ అంటారు, ఒకింత కుళ్లుతో. కొంగు చాచి అడిగిందంటే మాత్రం నవ్వే విషయం కాదు. దాచుకునే చోటునే ఖాళీగా పరిచి చూపించడం అది, అంతకు మించి అడగడానికి ఏమీ మిగల్లేదని. పెళ్లిలో వేసే బ్రహ్మముడి కూడా ఆ మూలనే, అబ్బాయి ఉత్తరీయంతో కలిపి. చిత్తూరు వైపు పడమటి మండలాల్లో కొంగును ‘సెరుగు’ అనే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. కన్నడంలోనూ అది సెరగే.

ఒడిగట్టడంలో పాపం లేదు

‘దారుణానికి ఒడిగట్టాడు’, ‘అక్రమాలకు ఒడిగట్టారు’. వార్తల్లో ఈ మాట మంచి పనికి పడినట్టు నేనైతే చూడలేదు. అసలు ఒడి కట్టడం శుద్ధ కూలి పని. చేలో చింతచిగురో, అలసందకాయలో, మల్బరీ ఆకో కోసే ఆడవాళ్లు చీర ముందు భాగాన్ని పైకి మడిచి నడుముకు దోపి సంచీలా చేసుకుంటారు. ఒడి కట్టుకున్నదంటే పనిలోకి దిగినట్టే, ఆ బరువు తన ఒంటి మీద వేసుకున్నట్టే. దాంట్లోంచి ‘పూనుకోవడం’ అన్న అర్థం వచ్చింది. తర్వాతెప్పుడో మంచి పనులన్నిటినీ నడుం ఎత్తుకుపోయింది, చెడ్డవి ఒడికి మిగిలాయి. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యం మాత్రం పాత గౌరవంతోనే ఉంది.

నడుం, కాసె, గోచి

నడుం కట్టడం అంటే తుండుగుడ్డనో దట్టీనో నడుముకు బిగించడం. బరువులెత్తేవాడికి వెన్ను పట్టు తప్పదు, పరిగెత్తేవాడికి పంచె ఊడదు. ‘కాసె బిగించడం’ దీనికి పాత తోడు. పంచె కుచ్చెళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి దోపడమే కాసె, కుస్తీకైనా కయ్యానికైనా.

దాని చిన్న తమ్ముడు గోచి. ఏమీ లేనివాణ్ని ‘గోచిపాతరాయుడు’ అని ఎగతాళి చేయడం మనకు ఎప్పటినుంచో అలవాటు. 1921 సెప్టెంబరు 22న మధురైలో గాంధీ చొక్కా, టోపీ, పొడుగు పంచె వదిలి కొల్లాయి కట్టుకున్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే మన రాయలసీమ పర్యటనకు వచ్చాడు. అంటే దక్షిణాదిలో ఆ వేషంలో ఆయన్ను ముందుగా చూసినవాళ్లలో సీమవాళ్లూ ఉన్నారు. ఎగతాళి మాట అయితే ఆగలేదు గానీ, కొల్లాయి మాటకు మాత్రం ఆ ఏడాది నుంచి వేరే విలువ వచ్చింది.

పీట మోసిన పట్టుచీర

‘పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకు తిరిగినట్టు’ అన్న సామెతను నీరుగట్టువారిపల్లె మగ్గాల మధ్య నిలబడి వింటే ఇంకా బాగుంటుంది. కథ తెలిసిందే. పొరుగింటావిడ పెళ్లికి పోతూ పట్టుచీర అడిగింది. కాదనలేక ఇచ్చింది. ఇచ్చాక మనసు ఆగలేదు. ఆవిడ నేల మీద కూర్చుంటే చీర మాస్తుందని, ఎక్కడ కూర్చోబోతే అక్కడ వేయడానికి పీట పట్టుకుని పెళ్లంతా వెంట తిరిగింది.

నవ్వుకునే ముందు ఆ చీర వెల చూడాలి. ఒక్క పట్టుగూటిలో వందల మీటర్ల పోగు ఉంటుంది, కానీ అది ఎంత సన్నమంటే అలాంటివి కొన్నింటిని కలిపి తీస్తేనే నేతకు పనికొచ్చే దారం. ఒక చీరకు వేల గూళ్లు పోతాయి. పురుగుకు రోజుకు ఇన్నిసార్లని ఆకు వేయాలి, వేడి పెరిగినా తేమ పెరిగినా పంట మొత్తం పోతుంది. రంగు అద్దకం, అచ్చు అతకడం, ఆ తర్వాత రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్లు. ఊరికి నాలుగు ఇళ్లలో పట్టుచీర ఉన్న కాలంలో పీట పట్టుకు తిరిగిన ఆవిడది పిసినారితనం అనడానికి నాకు నోరు రాదు. ఇవ్వకుండా ఉండలేకపోయింది చూడండి, అదీ ఆమె గొప్ప. ఈ దక్షిణ పట్టుకు మూలం పక్కనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టిప్పు సుల్తాన్ మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకాన్ని పట్టుబట్టి నాటించాడు. కుప్పం, పలమనేరు, మదనపల్లె ఆ రాజ్యం అంచునే ఉన్నాయి.

మడి కట్టుకు కూర్చుంటే

వేరెవరూ తాకకుండా ఉతికి ఆరేసిన బట్ట మడి. అది కట్టుకున్నవారు వంటో పూజో ముగిసేదాకా ఎవరినీ ముట్టుకోరు, ఎవరినీ ముట్టుకోనివ్వరు. ‘నువ్విట్లా మడి కట్టుకు కూర్చుంటే పని ఎట్లా జరుగుతుంది?’ అనే దెప్పు అక్కణ్నుంచి వచ్చింది. ఒక మినహాయింపు కూడా పెట్టుకున్నారు: పట్టుకూ కంబళికీ మైల అంటదని. రోజూ ఉతకలేని రెండు బట్టలకే ఆ వెసులుబాటు దొరకడం చూస్తే శాస్త్రం రాసినవాళ్లకు ఇంటి ఇబ్బంది బాగానే తెలుసనిపిస్తుంది. మడి పేరుతో సాటిమనిషిని దూరం పెట్టిన చరిత్ర కూడా ఆ మాట వెనకే ఉంది, అందుకే ఇవాళ అది మెచ్చుకోలుగా ఎక్కడా వినబడదు.

చంద్రుడికో నూలుపోగు

పెద్దవారికి ఇచ్చే చిన్న కానుకను ఇట్లా అంటాం. ఇది ఉపమానం కాదు, నిజంగా చేసే పని. అమావాస్య వెళ్లాక విదియ నాడు సన్నటి నెలవంకను చూసి, కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు లాగి చంద్రుడి వైపు వేసి, పాతది తీసుకుని కొత్త బట్ట ఇమ్మని మొక్కేవాళ్లు. ఏడాదికి రెండు జతలు దొరికితే గొప్ప అనుకునే ఇళ్లలో ఈ మొక్కుకు చాలా అర్థం ఉండేది.

గొంగళి కదలదు, వెంట్రుక వదలదు

కురబల ఇళ్లలో నేసే కంబళి నల్ల గొర్రె ఉన్నితో తయారవుతుంది. ఆ పడుగుకు చింతగింజల జిగురు పట్టిస్తారు. అందుకే అది బిరుసుగా, బరువుగా ఉంటుంది. వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు, అన్నీ అదే. అనంతపురం వైపు, కర్ణాటకలో చళ్లకెరె వైపు ఇప్పటికీ నేస్తారు. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అన్న మాట ఆ బరువులోంచే వచ్చిందని నా లెక్క. పలుచటి పంచె అయితే గాలికైనా కదులుతుంది, కంబళి ససేమిరా అంటుంది. ఆఫీసు ఫైళ్లకు ఇంతకన్నా మంచి మాట దొరకదు. ఇక ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అనేదానికి వివరణ అక్కర్లేదు. ఆ నేత అంతా వెంట్రుకే.

ఉతికి ఆరేయడం, రెంటికీ చెడ్డ రేవడు

తిట్టడాన్ని బట్టలుతకడంతో పోల్చడానికి కారణం పాత ఉతుకు పద్ధతి. చవుడు మన్నులో నానబెట్టి, బానలో ఆవిరి పట్టించి, బండకేసి బాది, పిండి, దులిపి ఎండలో ఆరేయడం. బట్టకు ప్రాణం ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. చాకిరేవు పెట్టడం అన్నా ఇదే. రేవడి కథలో ఉతికినవాడే ఇరుక్కున్నాడు. ఏటికి రెండు గట్ల మీదా బట్టలు ఆరేశాడట. వరద వచ్చింది. ఈ గట్టుకు పోవాలా ఆ గట్టుకు పోవాలా అని నడిమధ్య ఊగిసలాడేలోగా రెండు వైపులా బట్టలు కొట్టుకుపోయాయి. వరదొచ్చే ఏళ్లు మా పడమటి మండలాల్లో అరుదు కాబట్టి ఈ కథ ఎక్కడో కింది నుంచి వచ్చి ఉంటుంది.

గుడ్డ ఒకటే, భాషలు మూడు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీ, కుప్పం వైపు కంగుంది జమీ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. ఒక పక్క సీమ మాట, ఒక పక్క అరవం, ఇంకో పక్క కన్నడం. జాతీయాలకు సరిహద్దు చెక్‌పోస్టులు లేవు.

టమాటా ధర కుప్పకూలినప్పుడు మండీలో రైతు అనే మాట వినండి: ‘ఈ తూరి నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే అన్నా.’ సర్వం పోయింది, ముఖం చూపించలేను అని. తమిళంలోనూ ఇదే మాట, తల మీద తుండు వేసుకోవడం. 2023 జులైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటింది. కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. అదే తుండుగుడ్డ పశువుల సంతలో ఇంకో పని చేస్తుంది. కొనేవాడు, దళారి దాని కింద చేతులు కలిపి వేళ్లతో ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క అంకె కూడా తెలియదు.

‘తడిగుడ్డతో గొంతు కోయడం’ కూడా తమిళులతో పంచుకున్నదే. కత్తి కనబడదు, చప్పుడు వినబడదు, పైగా చల్లగా ఉంటుంది. మెత్తగా మాట్లాడి ముంచేవాడిని ఇంత తక్కువ మాటల్లో బొమ్మ కట్టిన జాతీయం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. దీనికి ఎదురు కోవలోది ‘బట్ట కాల్చి మీద వేయడం’. నువ్వు తప్పు చేశావా లేదా అన్నది తర్వాత సంగతి, ముందు మంట ఆర్పుకునే పనిలో ఉంటావు. ఆర్పినా మసి మిగులుతుంది. ఎన్నికల కాలంలో ఈ మాట ధర టమాటా కన్నా వేగంగా పెరుగుతుంది.

కట్టుబట్టలతో రెండుసార్లు

ఒంటి మీద ఉన్నవి తప్ప ఇంకేమీ లేకుండా రావడం కట్టుబట్టలతో రావడం. ఈ మాట రాష్ట్ర చరిత్రలోకి రెండుసార్లు ఎక్కింది. 1953 అక్టోబరు 1న మద్రాసు వదిలి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఒకసారి, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయి హైదరాబాదు చేజారినప్పుడు ఇంకోసారి. కర్నూలులో మొదట కొన్ని సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి కాబట్టి, కట్టుబట్టలతో వచ్చి బట్ట కిందే కాపురం పెట్టినట్టయింది.

నెత్తిన పెట్టేవన్నీ మోసాలే

టోపీ, కుచ్చుటోపీ, శఠగోపం. తెలుగులో ఎవరైనా మీ నెత్తిన ఏదైనా పెడితే జేబు తడుముకోవడం మంచిది. కన్నడంలో ‘టోపి హాకు’ అన్నా మోసగించడమే, హిందీలో టోపీ తొడిగించినా అంతే. మన తల తలపాగాది. ఎవరి పాగా వాళ్లే చుట్టుకోవాలి. టోపీ అట్లా కాదు, ఇంకొకరు తెచ్చి ఠక్కున పెట్టేయవచ్చు. కుచ్చుటోపీ అంటే కుచ్చు వేలాడే ఎర్ర తుర్కీ టోపీ. నిజాం హైదరాబాదులో దాన్ని రూమీ టోపీ అనేవాళ్లు. సొంత దేశం తుర్కీయేలో 1925లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. మన దగ్గర ఇంకా రోజూ పెడుతూనే ఉన్నారు.

జేబులో లెక్కల పుస్తకం

జేబు అరబ్బీ మాట. అక్కడ ‘జైబ్’ అంటే ఎదమీది బట్ట మడత. ఇప్పుడు అసలు చిత్రం. మన గణితంలో జ్యా అనే దాన్నే జీవా అనీ అనేవాళ్లు. అరబ్బులు దాన్ని ‘జీబా’గా తీసుకున్నారు. అచ్చులు రాయని లిపి కావడంతో తర్వాతివాళ్లు జైబ్ అని చదువుకున్నారు. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు బట్ట మడతకు తమ మాట ‘సైనస్’ పెట్టేశారు. పదో తరగతి త్రికోణమితిలో పిల్లలు బట్టీపట్టే సైన్ అదే. జేబు, సైన్ రెండూ ఒకే మడత నుంచి వచ్చాయి.

మిగతా కుట్టుబట్టలను తొందరగా దాటేయవచ్చు. కాలర్ ఎగరేయడం గర్వం, కాలర్ పట్టుకోవడం నిలదీత, చొక్కా చించుకోవడం ఆవేశం, లాగు తడవడం భయం. అన్నీ కళ్ల ముందు కనబడేవే. మెట్లు అరిగేలా తిరగడం అంటే మా వైపు ఆఫీసు మెట్లు అనుకోకండి, చిత్తూరు మాటలో మెట్లంటే చెప్పులు. ఆఫీసుల చుట్టూ తిరిగితే రెండు రకాల మెట్లూ అరుగుతాయనుకోండి.

కండువా కప్పుకోవడం

ఇది మన కళ్ల ముందు పుట్టిన జాతీయం. పైపంచెను ఎదుటివారి ముందు తీసి చంకలో పెట్టుకోవడం ఒకప్పటి అణకువ. కొందరికైతే అది విధించిన అవమానం, భూస్వామి వీధిలో భుజాన గుడ్డ, కాళ్లకు మెట్లు ఉండకూడదు. ఆ భుజానికి ఇప్పుడు పసుపు, కాషాయం, మూడు రంగులు వచ్చిపడ్డాయి. ‘కండువా మార్చాడు’ అంటే చాలు, ఏ పార్టీ నుంచి ఏ పార్టీకి అన్న వివరం తర్వాత చదువుకోవచ్చు. ఫిరాయింపుల నిరోధానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చారు, దాంట్లో కండువా ప్రస్తావన లేదు.

బట్టలా కనబడి బట్ట కానివి

‘ఫలానా ఊళ్లో పాగా వేశారు’ అన్నప్పుడు తలపాగా గుర్తొస్తుంది. పాగాకు ఇంకో అర్థం ఉంది. మరాఠీలో పాగా అంటే గుర్రపుసాల, అశ్వదళం. గుర్రాలు కట్టేశారంటే దండు అక్కడే దిగిందని లెక్క. నా ఓటు గుర్రాలకే.

బట్టబయలుది ఇంకా తమాషా. గుడ్డ విప్పి బయట పెట్టడం అనుకుంటారు చాలామంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం అది బయలు బయలు. ఒకే మాట రెండుసార్లు వచ్చినప్పుడు మొదటి దానిలో తొలి అక్షరం తర్వాతిదంతా పోయి ‘ట్ట’ వస్తుంది: కడ కడ కట్టకడ, నడుమ నడుమ నట్టనడుమ, చివర చివర చిట్టచివర. బడిలో చెప్పిన ద్విరుక్త టకార సంధి ఇదే. పట్టపగలులో పట్టు లేదు, బట్టబయలులో బట్ట లేదు.